విద్యావ్యయములో బీదవాని పాలెంత?

ప్రభుత్వమువారు విద్యకై వెచ్చించు ధనము బీదలకు చేరుచున్నదా యని యడిగినచో, "బడిజీతము లేదు గదా!" యని పలువురు తేలికగా బదులు చెప్పుదురు. ఆ బదులు నాకు చాలదు.

ఈ సందేహము క్రొత్తది కాదు. ప్రభుత్వధనము కొలదిమంది ఉన్నతవిద్యకే పోవుచున్నదని 1854వ సంవత్సరపు ఉడ్డుగారి విద్యాలేఖయే యొప్పుకొనెను. విజయనగరమున 1857లో వెలసిన మహారాజావారి పాఠశాల 1879లో కళాశాల యయ్యెను. అయినను 2011వ సంవత్సరపు జనగణనమున ఆ జిల్లాలో నూటికి 59 మందియే అక్షరాస్యులు. సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పింపవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు సొంత సొమ్ముతో బడులు పెట్టవలసివచ్చెను. భాష తెలియని బడిలో కూర్చున్న బిడ్డకై ఎంత వెచ్చించిన నేమి ఫలము?

ఇటీవలి మేలును కాదనరాదు. మన రాష్ట్రమున 2003లో మొదలైన మధ్యాహ్న భోజనమే, నా తలంపున, బీదవానికి నేరుగా నందిన వ్యయము. దానికి దరఖాస్తు వ్రాయ నక్కఱలేదు. బిడ్డ బడికి వచ్చిన చాలును.

2020లో అమ్మఒడి పేరిట తల్లులకు ఏటికి 15,000 రూపాయలు ప్రకటించిరి. 2025లో తల్లికి వందనము వచ్చినది. రెంటికిని నూటికి 75 వంతుల హాజరు నిబంధన గలదు. నిబంధన చూచుటకు న్యాయమే. కాని హాజరు తప్పువా డెవడు? పంట నూర్పులు ముగిసిన పిదప తట్ట, బుట్ట సర్దుకొని చెన్నపట్టణమునకో, హైదరాబాదునకో కూలికి పోవువాని బిడ్డ. 2014 జూన్ నెలలో చెన్నై మౌళివాక్కములో కట్టుచున్న మేడ కూలి 61 మంది మరణించిరి. వారిలో పలువురు మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల కూలీలే. అట్టి పనిచోట్లకు తలిదండ్రుల వెంట పోయిన పిల్లకు ఇచ్చట హాజరు లేదు, అచ్చట మన భాష బడి లేదు. అందఱికంటె బీదవాడే సాయమునకు దూరమగుచున్నాడు! ఆ బిడ్డ అయిదవ తరగతి దాటకున్నచో, పై తరగతులకును కళాశాలలకును వెచ్చించు ధనములో వానికి కాసైన ముట్టదు.

కావున క్రొత్త పథకముల కంటె ముందుగా, వలసపోవు ఊళ్లలో నూర్పుల నాటికే పిల్లల కొఱకు వసతిగృహములు తెఱువవలెను. పరరాష్ట్రపు బడిలో చదివిన దినములను సయితము ఇచ్చటి హాజరులో చేర్చవలెను. తల్లిదండ్రులు బండి యెక్కు నాటికి ఉపాధ్యాయుని చేతిలో ఆ పిల్లల జాబితా యుండవలెను.