యారాడ అన్నలారా, అక్కలారా! పదో తరగతి ఇప్పుడైనా రాద్దాం

తెల్లారేసరికి కొండ దాటి సింధియా చేరే మనవాళ్లను చూడండి. ఒకవైపు షిప్‌యార్డు, ఒకవైపు రిఫైనరీ, ఇంకాస్త ముందుకు పోతే గాజువాక, స్టీల్ ప్లాంటు. ఇన్ని గేట్లున్నా లోపల మన మనిషి పేరు హెల్పరే. పదేళ్లు వెల్డర్ పక్కన నిలబడి పని నేర్చి, అతను రాని రోజున అతుకు తానే వేసే అన్న కూడా మస్టర్‌లో హెల్పరే. పని వచ్చు, చూపించడానికి కాగితం లేదు. ఆ ఒక్కదానికే కూలిలో అంత తేడా!

బడి ఎందుకు మానేశామో మనకు తెలుసు. తమ్ముళ్లను చూసుకోమని ఒక అక్కను ఆపేశారు. తండ్రితో పాటు వేటకు వెళ్లక తప్పక ఒక అన్న మానేశాడు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముప్పై అయిదేళ్లు దాటాక ఇంకేం చదువులే అనుకుని ఊరుకోవడమే మనకు నష్టం.

ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యా పీఠంలో పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు. పై వయసుకు హద్దు లేదు. బడి మొహం చూడని వాళ్లు కూడా చేరవచ్చు. తరగతులు సెలవు రోజుల్లో జరుగుతాయి కాబట్టి కూలి పోదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాలన్న నియమం కూడా లేదు. పాసైనవి పక్కన పెట్టి మిగిలినవి తర్వాత రాయవచ్చు. ఈ దారి మన తెలుగు నేలకు కొత్తది కాదు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో పుట్టింది. బడి చదువు లేనివాళ్లకు అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది.

పది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్‌కు 8వ తరగతి చాలు. ప్రభుత్వ ఐటీఐ కంచరపాలెంలోనే ఉంది. పని ముందే వచ్చినవాళ్లకు కేంద్రం నైపుణ్య పథకం కింద పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

వెల్డింగ్ అన్నలు 6జి టెస్టుకు సిద్ధం కండి. పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, తిప్పడానికి వీల్లేదు. మనిషే దాని చుట్టూ తిరిగి, వంగి, మెడ వాల్చి రూట్ వేయాలి, ఫిల్లింగ్ నింపాలి, క్యాపింగ్ పూర్తి చేయాలి. తర్వాత ఎక్స్‌రేలో రూట్ అందని చోటు కనబడితే ఫెయిలే. చేతిలో పనితనం ఉన్నవాడు నెగ్గే పరీక్ష ఇది. మన ఊళ్లో అలాంటి చేతులు చాలా ఉన్నాయి.

లారీ తోలే తమ్ముళ్లకు ఒక మాట. రవాణా వాహనాల లైసెన్సుకు 8వ తరగతి ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లోనే ఎత్తేసింది. చదువు లేదని క్లీనర్‌గానే ఉండిపోకండి. ముందు లైట్ మోటార్ లైసెన్సు తీసుకోండి, ఏడాది తర్వాత పైదానికి వెళ్లండి.

అక్కలారా, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, మధ్యాహ్నం కాస్త తీరిక దొరుకుతోంది. చదువు రాదని గంపకో ఇంటి పనికో పరిమితం కావద్దు. సంతకంతో మొదలుపెట్టినా పర్వాలేదు, పక్కన కూర్చుని నేర్పడానికి మన ఆడపిల్లలున్నారు.

ఒక హెచ్చరిక. డబ్బులిస్తే పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్ తెస్తామనే బ్రోకర్లను వాకిట్లోకి రానివ్వకండి. గేటు దగ్గర తనిఖీలో అది దొంగదని తేలితే డబ్బూ పోతుంది, పనీ పోతుంది, కేసు కూడా మీద పడుతుంది.

డిగ్రీ చదివిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వారానికి రెండు సాయంత్రాలు మీ అమ్మానాన్నల కోసం కేటాయించండి. లెక్కలు ఒకరు, ఇంగ్లీషు ఒకరు చెప్పండి. దరఖాస్తులు మీరే నింపండి.

ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి బడి దగ్గరకు రండి. ఆధార్ కార్డు, రెండు ఫోటోలు, పాత టీసీ ఉంటే అదీ పట్టుకురండి. లేకపోయినా రండి. పక్కింటివాళ్లను కూడా వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
యారాడ యువతీ యువకులు