ఆసుపత్రి బిల్లు సరే, రోగి ఖర్చు?

2023 డిసెంబరు 9న తెలంగాణలో రెండు పథకాలు ఒకే రోజు మొదలయ్యాయి. ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. ఈ రెంటిలో ఏది క్యాన్సర్ పథకమని హైదరాబాద్‌లో అడిగితే మొదటిదే అంటారు. భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న చర్ల మండలంలోని ఒక మహిళా రోగిని అడిగి చూడండి. ఆమె బస్సు పథకమే అనే అవకాశం ఎక్కువ. ఆ బస్సు పథకం రాసినవాళ్ల మనసులో క్యాన్సర్ రోగి ఉండి ఉండదు. అయినా అడవి అంచున ఉన్న ఆడవాళ్లకు ఇటీవలి కాలంలో అందిన పెద్ద క్యాన్సర్ సాయం అదే కావడం మన విధానాల తీరును చెబుతోంది.

ఇక్కడ చికిత్స మధ్యలో ఆగిపోయేది కార్డులో డబ్బు అయిపోయి కాదు, చేతిలో డబ్బు అయిపోయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌నే తీసుకుందాం. ముదిరిన దశలో మామూలుగా ఇచ్చే చికిత్స వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాల రేడియేషన్. జనం మాటలో కరెంటు పెట్టడం. దానితోపాటు వారానికోసారి కీమో ఎక్కిస్తారు, చివర్లో లోపలినుంచి పెట్టే రేడియేషన్ ఉంటుంది. భద్రాచలం నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైమాట. చర్ల నుంచైతే మరో యాభై, అరవై కలపాలి. రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు. అంటే నెలన్నర నగరంలోనే ఉండాలి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యం దొరుకుతుంది. తోడు వచ్చిన మనిషికి అన్నం, పడక మాత్రం ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో ఉండవు. ఆ తోడు మనిషి సాధారణంగా భర్తో, కొడుకో. అతను ఫిబ్రవరిలో వస్తే మిరప కోత కూలి పోతుంది, మేలో వస్తే తునికాకు పోతుంది. ఏటా చేతికి నాలుగు డబ్బులు వచ్చే రోజులవి. ఆ నష్టానికి బిల్లు ఉండదు కాబట్టి ఏ ట్రస్టూ దాన్ని చెల్లించదు.

రోగి చేతిలో ఉండే ప్లాస్టిక్ కవరు చూస్తే చాలావరకు విషయం అర్థమవుతుంది. ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, మడతలు పడ్డ స్కానింగ్ ఫిల్ములు, ముక్క పరీక్ష రిపోర్టు, ఆ ముక్క ఉన్న చిన్న మైనపు దిమ్మ. ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో మరోలా ఉంటుంది. కోయ ఇంటిపేరును రాసుకున్నవాడు తనకు వినిపించినట్టు రాసుకున్నాడు. దాన్ని సరిచేయించుకోవడానికి మళ్లీ మండలానికి రావాలి. గడ్డ మాత్రం ఆ సవరణ కోసం ఆగదు.

రాయితీలు లేవని కాదు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వేలో స్లీపర్, థర్డ్ ఏసీ పూర్తి ఉచితం. తోడు వెళ్లేవారికి డెబ్బై ఐదు శాతం తగ్గింపు. మంచి సదుపాయమే. కానీ భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది భద్రాచలంలో కాదు, నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో. రాయితీ టికెట్ ఫోనులో దొరకదు, కౌంటర్‌కే వెళ్లాలి. అక్కడ చూపాల్సిన ధ్రువపత్రం రాసివ్వాల్సింది చికిత్స చేసే ఆసుపత్రి. అంటే ఏం జరుగుతుందో తెలియక, అప్పు చేసి వెళ్లే ఆ మొదటి ప్రయాణానికి రాయితీ వర్తించదు.

రోగం వచ్చినవాడికి నేరుగా డబ్బు ఇవ్వడం మన దేశానికి కొత్తేమీ కాదు. క్షయ రోగికి పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఖాతాలో వేస్తున్నారు, 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. గిరిజన ప్రాంతాల క్షయ రోగికి ప్రయాణానికని విడిగా 750 ఇచ్చే ఏర్పాటూ ఉంది. ఈఎస్ఐ పరిధిలోని కార్మికుడికి క్యాన్సర్ వస్తే నిబంధనలకు లోబడి రెండేళ్ల దాకా జీతంలో ఎనభై శాతం అందుతుంది. పనిచేయలేని రోగికి తిండి ఎలా అన్న ప్రశ్నకు ఈఎస్ఐ చట్టం సమాధానం చెప్పింది. దుమ్ముగూడెంలో పోడు చేసుకునే మనిషికి అదే జబ్బు వస్తే ఆ ప్రశ్నను ఎవరూ అడగరు. ఫ్యాక్టరీలో హాజరు పట్టీ ఉంది, పోడు చేనుకు లేదు. తేడా అంతే.

తెలంగాణ ఆసరా పింఛన్లలో ఫైలేరియా రోగులు, హెచ్ఐవీ బాధితులు ఉన్నారు. 2022లో డయాలసిస్ రోగులను చేర్చి నెలకు 2,016 రూపాయలు ఇచ్చారు. క్యాన్సర్ రోగులు ఇంకా బయటే ఉన్నారు. ఎందుకు? నా అంచనా ఇది: డయాలసిస్ రోగులు వారానికి రెండు మూడుసార్లు ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకుంటారు. ఒకరికొకరు తెలుసు, ఊళ్లో ఎమ్మెల్యేకు కనిపిస్తారు, లెక్కకు అందుతారు. క్యాన్సర్ రోగి ఎక్కడో హైదరాబాద్‌లో ఉంటాడు, తిరిగొస్తే గుడిసెలో ఉంటాడు. చాలామంది జబ్బు పేరు బయటకు చెప్పుకోరు. సంఘం కట్టేంత కాలం బతకనివాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ పోరాటం రోగులే చేసుకోవాలని వదిలేయడం న్యాయం కాదు. హర్యానా మూడు, నాలుగు దశల క్యాన్సర్ రోగులకు నెలవారీ పింఛను ఇస్తోంది. కేరళలోనూ క్యాన్సర్ పింఛను ఉంది. తెలంగాణకు సాధ్యం కాకపోవడానికి కారణం కనిపించదు.

క్యాన్సర్ పేరిట ఒక పెద్ద కార్యక్రమం ఈ అడవి దాకా రాకపోలేదు. 2009 జులైలో ‘పాత్’ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా వేశాయి. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు, దాదాపు 14 వేల మంది. చాలామంది ఆశ్రమ హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. వారిలో ఐదుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. అనుమతి తీసుకున్న తీరు మాత్రం తలవంపులే. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవని, 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో బయటపెట్టింది. ఈ వ్యవహారం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది.

టీకా మంచిదే, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు దాన్ని ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం అన్నది, అది అందాలి కూడా. కానీ 2009లో చల్లటి పెట్టెల్లో టీకా హాస్టల్ గుమ్మం దాకా రాగలిగింది. నర్సులు, జీపులు, రిజిస్టర్లు అన్నీ కదిలాయి. అదే హాస్టల్ పిల్లల తల్లికి క్యాన్సర్ వస్తే జీపు రాదు. ఆరోగ్య ఉపకేంద్రంలో ముఖద్వార పరీక్షకు మనిషి దొరకడం కష్టం. ఈసారి టీకాతో వెళ్లే డాక్టరు ముందు ఆ తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పి ఒప్పించాలి, వాళ్ల జబ్బులనూ చూడాలి. లేకపోతే పాత అనుమానం ఆ డాక్టరు కంటే ముందే ఊళ్లోకి చేరుతుంది.

సరిహద్దు మరో చిక్కు. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఇప్పటి ఎటపాక, కూనవరం, చింతూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్నాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక మహిళకు తెలంగాణ బస్సులో ఉచితం లేదు. ఆంధ్ర ఉచిత బస్సు రాష్ట్రం దాటి రాదు. మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ గుత్తికోయ ఆదివాసీల్లో చాలామందికి ఇప్పటికీ కాగితాలు సరిగా లేవు. కార్డు అడిగే ప్రతి పథకం వాళ్లను గేటు దగ్గరే ఆపేస్తుంది.

డబ్బు ఇస్తే దుర్వినియోగం కాదా, ఎవరికి ఇవ్వాలి, ఎన్నాళ్లు అని ఆర్థిక శాఖ అడుగుతుంది. అడగాల్సిందే. కానీ జాబితా ప్రభుత్వం దగ్గరే ఉంది. కీమోకో, రేడియేషన్‌కో ఆరోగ్యశ్రీ ట్రస్టు ముందస్తు అనుమతి ఇచ్చిన రోజున రోగి పేరు, జబ్బు, చికిత్స కాలం నమోదవుతాయి. ఆ అనుమతితోపాటే భృతి మొదటి వాయిదా ఖాతాలో పడేలా చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా ఇలాంటి పద్ధతిలోనే నడిచింది: శస్త్రచికిత్స తర్వాత విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. ఇప్పుడు కావాల్సింది దాన్ని చికిత్స తర్వాతికి కాక చికిత్స కాలానికి, తోడు మనిషికి కూడా వర్తింపజేయడం. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో దూరాన్ని బట్టి మొత్తం పెరగాలి.

నయం కానివాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు. దాన్ని నిల్వ చేయడానికి ఉన్న చట్టపరమైన చిక్కులను 2014 సవరణ చాలావరకు తొలగించింది. 2017లో చేవెళ్లలో మొదలైన ఉపశమన చికిత్స కేంద్రాలు తర్వాత జిల్లాలకు వచ్చాయి, ఖమ్మం వాటిలో ఒకటి. భద్రాచలం నుంచి ఖమ్మం నూట ఇరవై కిలోమీటర్లు. చివరి రోజుల్లో ఉన్న మనిషిని మాత్రల కోసం అంత దూరం తిప్పలేం.

అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. జిల్లా కేంద్రం కొత్తగూడెం కాబట్టి నిబంధన ప్రకారం డే కేర్ కేంద్రానికి చోటు అక్కడే, ఉండనివ్వండి. చర్ల, దుమ్ముగూడెం, ఎటపాక, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా వైపు నుంచి రోగులు వచ్చేది మాత్రం భద్రాచలం ఏరియా ఆసుపత్రికే. తొలి విడత కీమో హైదరాబాద్‌లో ఎక్కించాక తర్వాతి విడతలు అక్కడే ఎక్కించాలి, మార్ఫిన్ అక్కడే దొరకాలి, రైలు రాయితీ పత్రం అక్కడి డాక్టరే రాసివ్వగలగాలి. సోమవారం గిరిజన దర్బార్‌లో ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి ముందు పెట్టే అర్జీల్లో ముందుగా ఉండాల్సినవి ఈ మూడే.