చెప్పకపోవడం పొగరు కాదు

జొనాథన్ బ్లో తయారుచేసిన ‘ద విట్‌నెస్’ ఆట 2016 జనవరిలో వచ్చింది. ఇన్నేళ్లయినా దాని మీద తగువు తెగలేదు. మనుషుల్లేని ఒక దీవి. అందులో అయిదువందలకి పైగా పలకలు. ప్రతి పలకా ఒక చిక్కు. గుండ్రటి చుక్క దగ్గర మొదలుపెట్టి చివరిదాకా గీత గీయాలి, అంతే. ఏ గీత సరైనదో, ఎందుకు సరైనదో ఆట ఎక్కడా రాసి చూపించదు. ఇది మేధావి పని అని ఒక జట్టు. ఆడేవాళ్లంటే లెక్కలేని పొగరు అని ఇంకో జట్టు. నా స్నేహితుల్లో రెండు జట్లవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ తప్పు చోట కొట్టుకుంటున్నారని నా వాదన.

ముందు పొగరు అనేవాళ్ల సంగతి. వాళ్ల ఫిర్యాదు ఒకటే: నియమాలు చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. ఏ భాషలో? పేరున్న పెద్ద ఆటల్లో చాలావాటికి మొదటి అరగంటా తెర నిండా ఇంగ్లీషు డబ్బాలే. ఈ బటన్ నొక్కు, అటు పో, ఇది తీసుకో. బెంగళూరులో ఉద్యోగం చేసుకునే నాలాంటివాడికి అది సాయంలా కనిపిస్తుంది. తెలుగులో ఆలోచించే పిల్లాడికి అది గోడ. ఆ గోడ గురించి రాసేవాళ్లు తక్కువ. రాసేవాళ్లకి అది తగల్లేదు మరి.

మాది చాగలమర్రి. ఆళ్లగడ్డ నుంచి మైదుకూరు పోయే దారిలో హైవే మీది ఊరు. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు మా పిన్ని కొడుకు చేతికి లాప్‌టాప్ ఇచ్చి ఈ ఆట పెట్టాను. వాడు తొమ్మిదో తరగతి. ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషూ తెలుగూ ఉండే బడి పుస్తకాలు వాడివి. వాడు చదివేది తెలుగు పేజీ. ఆడుతూ ఆడుతూ ఆపిల్ తోట దగ్గర ఆగాడు. పలక మీద కొమ్మల్లా చీలిపోయిన గీతలు, బోలెడన్ని చివరలు. నాలుగైదుసార్లు తప్పాడు. నేను నోరు తెరవబోతే “నువ్వు చెప్పొద్దునా, ఉండు” అన్నాడు. కాసేపటికి చూపు అటు తిప్పి, పలక వెనకున్న చెట్టుని పట్టుకున్నాడు. ఒకే ఒక్క కొమ్మకి పండు వేలాడుతోంది. “ఓర్నీ, చెట్టే చెప్తాంది గదన్నా!” అన్నాడు.

ఈ ఆట చెబుతుంది. మాటల్లో చెప్పదు. మొదటి పలకలో తిన్నటి గీత, రెండో దాంట్లో ఒక మలుపు. కొత్త గుర్తు వచ్చినప్పుడల్లా వరసగా కొన్ని పలకలు పెట్టి, తేలిక నుంచి కష్టానికి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. గుడి అరుగు మీద గీసిన పులిజూదం మనకి ఎవరు పుస్తకం ఇచ్చి నేర్పారు? మూడు పులులు, పదిహేను మేకలు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని చూశాం, మన మేకలు చచ్చేకొద్దీ నేర్చుకున్నాం. పొగరే వెతకాలంటే ఇంకో చోట దొరుకుతుంది. దీవిలో దాచిన ఒక చిక్కు కోసం దాదాపు గంటసేపు సాగే ఇంగ్లీషు ఉపన్యాసం ముందు కూర్చోవాలి. అది తప్పనిసరి కాదు కాబట్టి సరిపోయింది.

ఇక అభిమానులు. నా పేచీ ఎక్కువ వీళ్లతోనే. “రాకపోతే నీ బుర్రది తప్పు” అన్నది వీళ్ల మంత్రం. ఎక్కడైనా జవాబు చూసి ముందుకి పోయినవాణ్ణి పరీక్షలో కాపీ కొట్టినవాడిలా చూస్తారు. ఈ ధోరణి మనకి కొత్త కాదు. కవిత అర్థం కాలేదన్న పాఠకుణ్ణి “నువ్వింకా ఎదగాలి” అని పంపేసే కవులు మనకి బాగా తెలుసు.

ఈ ఆటలో అడవి భాగం ఉంది. అక్కడి చిక్కులు పక్షుల కూతల మీద నడుస్తాయి. ఏ స్వరం హెచ్చు, ఏది తగ్గు అని చెవితో పోల్చుకుంటేనే గీత పడుతుంది. ఇంకో చోట రంగు గాజుల గుండా చూసి, అసలు రంగేదో తేల్చుకోవాలి. చెవి వినిపించనివాళ్లకీ, ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియనివాళ్లకీ ఇవి కష్టమైన చిక్కులని అనలేం. రాత్రంతా కూర్చుని ఆలోచించినా తెగవు. అది తాళం వేసిన తలుపు, తాళంచెవి ఆ ఇంట్లోనే లేదు.

దీనికి అభిమానుల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. కొండ తలుపు తెరుచుకోవడానికి 11 లేజర్లలో 7 వెలిగిస్తే చాలు, మిగతావి వదిలేయొచ్చు కదా అంటారు. పంక్తిలో కూర్చోబెట్టి, రెండు కూరలు వడ్డించకుండా, ‘కడుపు నిండింది కదా’ అన్నట్టుంది ఇది. వినడమే అక్కడి చిక్కు కదా అని ఇంకొందరు. అక్కడ వినిపించే చప్పుళ్లలో ఏవి లెక్కలోకి తీసుకోవాలి, ఏవి వదిలేయాలి అన్నదే అసలు చిక్కు. ఆ హెచ్చుతగ్గుల్ని కంటికి కనిపించేలా పెట్టినా ఆ పని మిగిలే ఉంటుంది. రంగుకి తోడుగా ఒక ఆకారం ఇచ్చినా అంతే. బుర్రకి పని ఏమీ తగ్గదు.

ఇకమీదట ఎవరైనా ఒక ఆటని “మరీ కష్టం” అన్నా, “కష్టమే దాని గొప్ప” అన్నా నేను అడిగేది ఒకటే: ఆలోచిస్తే తెగుతుందా, తెగదా? ఆలోచిస్తే తెగేదాన్ని తేలిక చెయ్యమని అడిగే హక్కు మనకి లేదు. ఎంత ఆలోచించినా తెగనిదాన్ని వెనకేసుకొచ్చే హక్కు అభిమానులకీ లేదు.