గులాబీ రంగు గింజ ఎవరి కడుపులోకి?

ఉలవలు, బొబ్బర్లు, అనుములు. సర్కారు కాగితాల్లో ఇవి చిన్న పంటలు. చిన్నోళ్లు పండించేవి గనుకనే చిన్న పంటలయినాయి. కందులకు, పెసర్లకు, మినుములకు కేంద్రం మద్దతు ధర చెబుతుంది. ఉలవలకు చెప్పదు. దొర ఎడ్లకు ఉలవలు ఉడకబెడితే ఆ నీళ్లు తెచ్చుకొని చారు కాసుకున్న వాడలు మనవి. ఇప్పుడు అదే చారు మీద మీగడ వేసి పెద్ద హోటళ్లలో అమ్ముతున్నారు, అది వేరే సంగతి.

ఇప్పుడు మాట్లాడాల్సింది విత్తనం గురించి. సంచిలో వచ్చే విత్తనానికి గులాబీ రంగో మరో రంగో పూసి ఉంటది. అది తెగులు మందు. థైరాం అయితే కిలో గింజలకు 3 గ్రాములు పట్టిస్తారు. మందే వద్దని నేను అనను. గింజ మీద, మట్టిలో దాగిన బూజు మొలకను కుళ్లబెడుతుంది. మొదటి రెండు మూడు వారాలు ఈ మందు మొలకను కాస్తుంది. అంతవరకే దాని పని. చచ్చిన గింజను అది బతికించదు. పుచ్చు పురుగును చంపదు, ఎందుకంటే అది పురుగు మందు కాదు. ఈ తేడా మనకు విప్పి చెప్పేవాడేడి?

మన ఇండ్లల్ల తిండికో కుండ, విత్తనానికో కుండ ఉండవు. విత్తగా మిగిలిన దోసెడు గుగ్గిళ్లకు పోతది. భూమి ఉన్నోడికి మిగిలిన విత్తనం పారబోసే స్థోమత ఉంది, మనకు లేదు. 1971-72లో ఇరాక్‌లో ఇదే జరిగింది. పాదరసం మందు పూసిన గోధుమ విత్తనం పల్లెలకు పంచారు. సంచుల మీద హెచ్చరిక అక్కడి జనానికి రాని భాషలో ఉంది. కడిగితే రంగు పోయింది, విషం పోలేదు. రొట్టెలు చేసుకొని తిన్నారు. సర్కారు లెక్కల్లోనే 459 మంది చచ్చిపోయారు. థైరాం పాదరసమంత ఘోరమైంది కాదు, నిజమే. అయినా తినే వస్తువు కాదు గదా! మందు పట్టించిన విత్తనం తిండికి, పశువుల దాణాకు, నూనెకు వాడొద్దని సంచి మీద రాయాలని మన దేశంలో 1968 నుంచే నిబంధన ఉంది. రాత చీమ తలకాయంత, చదవాల్సినోళ్లకు బడే లేకపాయె.

ఇంకో మాట. ఆ మందు కలిపేదెవరు? కూలికి పోయిన మాల మాదిగ ఆడోళ్లు, ఉత్త చేతులతో. థైరాం చర్మాన్ని, కండ్లను, ముక్కును మండిస్తుంది. అది కలిపిన నాడు కల్లు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులయితయి. అప్పుడు కల్లు కల్తీదని తిడతారు, మందును ఎవరూ అనుమానించరు.

మా అమ్మ ఉలవల్లో బూడిద, ఎండిన యాపాకు కలిపి కుండ మూతికి పేడ మెత్తేది. దానితో పుచ్చు ఆగేది. కానీ గింజ లోపలి తెగులు బూడిదతో పోదు, అమ్మ మీద ప్రేమతో అబద్ధం చెప్పలేను. దానికి మందు చేనులోనే ఉంది: తెగులొచ్చిన మొక్క నుంచి విత్తనం తీయొద్దు. వాన పడకముందే 100 గింజలు తడి గోనెపట్టలో చుట్టి చూడాలి. 80 దాకా మొలిస్తే విత్తొచ్చు, బాగా తగ్గితే ఆ గింజ వద్దు. నేలలో కుళ్లు ఉంటే ట్రైకోడెర్మా పొడి కిలోకు 10 గ్రాములు పట్టించొచ్చు, దానితో రసాయన మందు కలపొద్దు. అప్పుడు కూడా మిగిలిన విత్తనం కూటి కుండలోకి రావొద్దు.

జహీరాబాద్ పక్క ఊర్లల్ల దళిత అక్కల సంఘాలు తమ విత్తనం తామే దాచుకొని పంచుకుంటున్నాయి. వాళ్లు పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బహుమతి ఇచ్చినోళ్లు ఇచ్చారు. సబ్సిడీ విత్తనం కొనేటప్పుడు మన అధికారులు ఇట్లాంటి అక్కల గడప తొక్కుతారా?

విత్తనం ఉత్తగా ఇయ్యండి. మందు వేరే పొట్లంలో, చేతి తొడుగులతో ఇయ్యండి. పొట్లం మీద పుర్రె బొమ్మ, తెలుగులో పెద్ద అక్షరాలు వెయ్యండి. ఈసారి మండల ఆఫీసుకు పోయేటప్పుడు సంఘమోళ్లు ఈ మూడూ రాసుకొని పోవాలె, రంగు గింజల సంచి ఒకటి వెంట పట్టుకొని.