చక్రం తిరుగుతుంది సరే, దాని కింద పడ్డవాడి మాటేమిటి?

సెమీకండక్టర్ల మార్కెట్టు మందగించిన ప్రతిసారీ పండితులు పాత పటాలు తీసి ఒకటే మంత్రం చదువుతారు: 1985లో పడింది, లేచింది, 2001లో పడింది, లేచింది, 2009లోనూ, 2023లోనూ అంతే, కనుక దిగులు వలదు. లెక్క తప్పని నేననను. 2000లో సుమారు 20,400 కోట్ల డాలర్లున్న ప్రపంచ చిప్పుల అమ్మకాలు మరుసటి ఏడు 13,900 కోట్లకు పడిపోయిన మాటా నిజమే, 2024లో 62,000 కోట్లు దాటిన మాటా నిజమే. ఆ లెక్కను ఓదార్పుగా చెలామణీ చేయడం దగ్గరే నా పేచీ.

చిప్పులు మనకు దూరమనుకునేవారు మా వికారాబాదు జిల్లాలోని తాండూరు కందిని తలచుకోండి. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరువైంది. ఆ ధర చూసి రైతులు విత్తారు. దేశంలో 2015-16లో సుమారు 26 లక్షల టన్నులున్న కంది దిగుబడి మరుసటి ఏడాది 48 లక్షలు దాటింది. పంట నేలలో ఉండగానే, 2016 జూలైలో, ప్రభుత్వం మొజాంబిక్‌తో పప్పుల దిగుమతి ఒప్పందం చేసుకుంది. క్వింటాలుకు మద్దతు ధర 5,050 రూపాయలుండగా, 2017 ఆరంభంలో మార్కెట్లలో కంది అంతకన్నా తక్కువకు పోయింది. దిగుమతులకు పరిమితి ఆ ఆగస్టులో విధించారు. అప్పటికి గింజ రైతు చేయి దాటింది!

రెండింటి కీలకమూ ఒకటే. ధర ఇవాళ పిలుస్తుంది, సరుకు ఆలస్యంగా పలుకుతుంది. కందికి ఆ ఎడం ఒక పంటకాలం, చిప్పుల కర్మాగారానికి రెండు మూడేళ్ళు. కొరతలో కొనేవారు అవసరానికి మించి ఆర్డర్లు పెడతారు, అవి నమ్మి అందరూ ఒక్కసారే కర్మాగారాలు కడతారు. మాంద్యానికి విత్తనం పడేది మంచిరోజుల్లోనే.

ఇక లేచేదెవరు? 1985లో డీరామ్ మెమరీ వ్యాపారం వదులుకున్న ఇంటెల్‌కు మైక్రోప్రాసెసర్లున్నాయి కనుక నిలిచింది. జర్మనీ కిమోండా 2009లో, జపాను ఎల్పిడా 2012లో దివాలా తీశాయి. మెమరీ ధరలు తరువాత లేవకపోలేదు, లాభం మిగిలినవారికి దక్కింది. 2001లో అమెరికాలో కొలువు పోయి పెట్టె సర్దుకున్న తెలుగు ఇంజనీరుకు 2004 నాటి అమ్మకాల పటం ఏ అద్దె కట్టింది? 2023లో కంది ధర మళ్ళీ ఎగసింది. 2017 అప్పుకు చేను వదులుకున్న రైతెవరైనా ఉంటే, ఆ ధర అతనికెందుకు?

2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నేనూ సంతోషించాను. కానీ గుర్తింపు వేరు, గిట్టుబాటు వేరు.

పాత చక్రాలను చదవవలసిందే. ధర ఎప్పుడు లేస్తుందని కాదు, అందాకా ఎవరు తట్టుకోగలరని చదవాలి. దిగుమతి నిర్ణయం విత్తుకు ముందే చెప్పండి. ధర పడిన వారంలోనే మద్దతు ధరకు కొనండి. లాభాల ఏడాదిలోనే జీతాలకు నిధి దాచండి. ఇవేవీ చేయకుండా చక్రం తిరుగుతుందని చెప్పేవాడు, తాను దాని కింద లేడని మాత్రమే చెబుతున్నాడు.