ప్రతి యేటా అధికమాసమే

మా అమ్మకు పంచాంగం చూడటం వచ్చు. తిథి వార నక్షత్రాల కోసం ఆమె ఎవరినీ అడగదు. అటువంటి మనిషి ఒకనాడు నన్ను అడిగింది: "నెలకు ఇరవై ఎనిమిది దినాలని ఏ పంచాంగంల రాసున్నదిరా?" నా దగ్గర సమాధానం లేకపోయింది. ఫోను కంపెనీల లెక్కల మీద నాకున్న అభ్యంతరమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

2006 తొలినాళ్ళ సంగతి. అప్పట్లో నేను ఖైరతాబాదులో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డులతో పోటీపడి ఫోను కంపెనీల బోర్డులు వెలుస్తున్న రోజులవి. వాటి మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న మాట "లైఫ్‌టైమ్". ఒక్కసారి 999 రూపాయలు కడితే చాలు, జీవితాంతం ఇన్‌కమింగ్ ఉచితం. 2003 మే 1కి ముందు, మనకు వచ్చిన ఫోనుకు కూడా మనమే డబ్బు కట్టుకున్న కాలాన్ని చూసినవాళ్ళం కాబట్టి, ఆ మాట మాకు వరంలాగే వినిపించింది. నల్గొండ దగ్గర మా ఊళ్ళో ఒంటరిగా ఉండే అమ్మ కోసం ఒక కార్డు కొన్నాను. ఆమె ఎవరికీ ఫోను చెయ్యదు. మేము చేస్తే ఎత్తుతుంది, అంతే.

ఆ పెద్ద మాట పక్కన చీమ తలకాయంత చుక్క ఒకటి ఉండేది. జీవితాంతమంటే ఎవరి జీవితమని అడగాలని మాకు తోచలేదు. అది మన జీవితం కాదు, కంపెనీ లైసెన్సు జీవితం. ఆ లైసెన్సు గడువు ఎప్పుడు ముగుస్తుందో ఖాతాదారుకు తెలియజేయాలని 2006లోనే ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. అంటే ఆ మాటకు జనం ఒక అర్థం చెప్పుకుంటున్నారనీ, కాగితం మీద వేరొక అర్థం ఉన్నదనీ అందరికీ తెలుసునన్నమాట.

2018 చివర్లో ప్రైవేటు కంపెనీలు కనీస రీఛార్జి పద్ధతిని తెచ్చాయి. అప్పట్లో 28 రోజులకొకసారి 35 రూపాయలైనా వేయించకపోతే మొదట మనం చేసే కాల్సూ, తరువాత మనకు వచ్చే కాల్సూ ఆగిపోయేవి. ఖాతాలో తగినంత డబ్బున్నవాళ్ళకు వెంటనే సేవలు ఆపవద్దని ఆ నవంబరులో ట్రాయ్ చెప్పవలసి వచ్చింది. మా అమ్మ ఫోనుకు కంపెనీ పంపిన హెచ్చరికలన్నీ ఇంగ్లీషులో వచ్చాయి. ఆమె వాటిని తెరిచి చూడనే లేదు.

2019 జనవరిలో ఒకనాడు ఫోను చేస్తే ఆ నంబరుకు ఇన్‌కమింగ్ సౌకర్యం లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఏదో పొరపాటనుకుని మరునాడూ చేశాను. మూడవనాడు పక్కింటివాళ్ళ ఫోనులో అమ్మ దొరికింది. నాలుగు రోజులుగా జ్వరంతో పడుకుని ఉన్నదట. "మీరు గూడ మర్చిపోయిన్రనుకున్న" అన్నది. పదమూడేళ్ళ కిందట జీవితాంతానికి కొన్న కార్డు ఆమె దిండు పక్కన ఫోనులోనే ఉంది.

ఆ సాయంత్రమే ఖైరతాబాదులో నాకు పాత అలవాటున్న కొట్టుకు వెళ్ళి రీఛార్జి చేయించాను. ఒకప్పుడు అది పసుపుపచ్చ బోర్డున్న ఎస్టీడీ బూతు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేదాకా మేము అక్కడ వరుసలో నిలబడేవాళ్ళం. మాట్లాడుతున్నంతసేపూ ఎర్రని అంకెలు కళ్ళెదుటే తిరిగేవి. ఖర్చు ఎక్కువే, కాని ఎంతవుతున్నదో ఆ క్షణానే తెలిసేది. ఇప్పుడు ఖర్చు తక్కువ, తెలియనిదే ఎక్కువ. రీఛార్జి సంగతి చెప్పినప్పుడే అమ్మ ఆ పంచాంగం ప్రశ్న వేసింది.

లెక్క చూడండి. 28ని 13తో గుణిస్తే 364. అంటే "నెలకు ఇంత" అని మనం అనుకునేది ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు కడుతున్నాం. మన చాంద్రమానంలో సుమారు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకొకసారి అధికమాసం వస్తుంది. ఫోను కంపెనీల పంచాంగంలో ప్రతి యేటా అధికమాసమే. ముప్పై రోజుల గడువున్న ప్లానునూ, ప్రతినెలా అదే తేదీన పునరుద్ధరించుకోదగిన ప్లానునూ కనీసం ఒక్కొక్కటైనా ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ ఉత్తరువు ఇచ్చింది. ఇరవై ఎనిమిది రోజుల ప్లాన్లు మాత్రం పోలేదు.

పోస్టుపెయిడ్‌లో ఇంకొక రకం. ప్రకటనలో 399 అని ఉంటుంది. పద్ధెనిమిది శాతం జీఎస్టీ కలిపితే బిల్లు 470 రూపాయల 82 పైసలు. నూరు రూపాయల టాపప్ వేయిస్తే మాట్లాడుకోవడానికి మిగిలేది 81 రూపాయల 75 పైసలు. పన్ను పోగా మూడు రూపాయలు ప్రాసెసింగ్ రుసుము. పన్ను ప్రభుత్వానిదే, కాదనను. కాని సబ్బుబిళ్ళ మీద అన్ని పన్నులతో కలిపిన ధర అచ్చువేయాలని చట్టం చెబుతున్నప్పుడు, ఫోను ప్రకటనలో పెద్ద అంకె మనం కట్టబోయే అంకె ఎందుకు కాకూడదు?

కంపెనీల వాదనలోనూ న్యాయం ఉంది. ఒక్క పైసా ఖర్చు చెయ్యకుండా ఏళ్ళ తరబడి ఇన్‌కమింగ్ మాత్రమే వాడుకునే మా అమ్మలాంటివారికోసం కూడా టవర్లు నడవాలి, కరెంటు బిల్లు కట్టాలి. ధర పెంచితే పెంచండి. ఆ మాట పెంచామని చెప్పండి. నాకు అభ్యంతరం ధర మీద కాదు, మాట అర్థాన్ని మార్చడం మీద. నెలలోంచి రెండు మూడు రోజులు తీసి, అదే ధర ఉన్నదని చెప్పడం తూకంలో కొట్టడమే. అంగట్లో తూనికరాళ్ళను తనిఖీ చేసే అధికారి ఉన్నాడు. నెల, ఉచితం, అపరిమితం, జీవితాంతం అనే మాటలను తూచి చూసేదెవరు?

కొంత కదలిక లేకపోలేదు. 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పొకటి టెలిఫోను తగాదాలకు వినియోగదారుల ఫోరాల దారిని చాలాకాలం మూసింది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు ఆ దారి తెరిచే ఉన్నదని తేల్చింది. మొదట తక్కువ ధర చూపించి చివర్లో రుసుములు కలిపే పద్ధతిని 2023 నవంబరులో కేంద్రం మోసపు ఎత్తుగడల జాబితాలో చేర్చింది. ఇంటర్నెట్ అక్కర్లేనివారికి మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే ప్రత్యేక ప్యాకులు ఇవ్వాలనీ, వాటి గడువు 365 రోజులదాకా ఉండవచ్చుననీ 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పింది. మా అమ్మలాంటివారికి పనికివచ్చే మాట ఇన్నాళ్ళకు ఒకటి వచ్చింది.

ఇంతలో ఆమె తన ఏర్పాటు తాను చేసుకుంది. గోడ క్యాలెండరులో ఏకాదశులకూ, పౌర్ణములకూ పక్కన, రీఛార్జి అయిపోయే రోజు కింద పెన్సిలుతో ఒక చుక్క పెడుతుంది. దానికి రెండు రోజుల ముందు పక్కింటి పిల్లవాడిచేత నాకు ఫోను చేయిస్తుంది. మొన్న పండుగకు వెళ్ళినప్పుడు నిరుటి క్యాలెండరు తిరగేసి లెక్కపెట్టాను. పదమూడు చుక్కలున్నాయి.