గొంతు పోతే ఉద్యోగం మానాలా?

ఒక సోదరి రాశారు: "ఇరవై రెండేళ్ళుగా టీచరుగా పనిచేస్తున్నాను. క్లాసులో అరవై మంది పిల్లలు, పైన రేకులు, పక్కనే బస్సుల రోడ్డు. నాలుగు నెలలుగా గొంతు బొంగురు. డాక్టరుగారు అద్దం పెట్టి చూసి, స్వరతంత్రుల మీద చిన్న కాయలున్నాయన్నారు. నెల సెలవు రాశారు. సెలవులో బాగానే తేరుకున్నాను. బడికి వెళ్ళిన పదిరోజులకే మళ్ళీ మొదటికొచ్చింది. ఇంట్లో అందరూ మానెయ్యమంటున్నారు. ఏం చెయ్యను?"

రాజీనామా అప్పుడే రాయకండి. రోకలి పట్టిన చేతికి కాయలు కాసినట్టే, అరిచి అరిచి మీ గొంతులోనూ కాశాయి. సెలవు పెడితే మెత్తబడతాయి. మళ్ళీ అలాగే అరిస్తే మళ్ళీ కాస్తాయి. మారవలసింది మీరు మాట్లాడే తీరూ, పనిచేసే తీరూ. ఆ రెండూ చూసేవారు స్పీచ్ థెరపిస్టు. నత్తి పిల్లలకే అనుకుంటారు చాలామంది, కాదు. ఇలాంటి కాయలు చాలామందికి ఆపరేషను లేకుండా, వారు నేర్పే సాధనతోనే తగ్గుతాయి.

వెళితే ముందు అడిగేవి బడి సంగతులే. వరసగా ఎన్ని పీరియడ్లు? ఎక్కడ నిలబడి చెబుతారు? ఫాను ఎంత చప్పుడు చేస్తుంది? నీళ్ళు ఎప్పుడు తాగుతారు? ఈ చివరి ప్రశ్నకు మన టీచర్లలో చాలామంది దగ్గర జవాబుండదు. బడిలో మరుగుదొడ్డి సరిగా లేక నీళ్ళే ముట్టరు! తరవాత ఊపిరి ఆసరాతో మాట్లాడటం, మాటిమాటికీ గొంతు సవరించుకోకుండా ఉండటం, కేక వెయ్యడానికి బదులు చప్పట్లు కొట్టటం నేర్పుతారు. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటాం కాని, దానికీ గొంతు బిగుస్తుంది.

వారి చేత హెడ్మాస్టరుగారికి ఒక ఉత్తరం రాయించుకోండి. ఉత్త "విశ్రాంతి అవసరం" అంటే ఆయన సెలవు తప్ప ఏమివ్వగలరు? కొన్నాళ్ళపాటు వరసగా రెండు పీరియడ్లు మించకుండా, ప్రార్థన దగ్గరా ఆటస్థలంలోనూ కేకలు వేసే పని తప్పించి, నడుముకు కట్టుకునే చిన్న మైకు వాడనిస్తే పాఠం చెప్పగలరని విడమరచి రాయాలి.

బ్రిటనులో 2010లో సెలవు చీటీనే ఇలా మార్చారు. పనికి తగరు అన్నదానితోపాటు, ఫలానా మార్పులు చేస్తే పని చెయ్యగలరు అనే గడి కూడా పెట్టారు. 2022 జూలై నుంచి ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, నర్సులు, ఫార్మసిస్టులు కూడా దాని మీద సంతకం చెయ్యవచ్చు. నేను చూసిన మన సర్టిఫికెట్లలో ఆ గడి లేదు. అందుకే ఉత్తరం.

ఈ విద్యకు 1965లోనే మైసూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ వెలసింది. మీకు దగ్గరలో థెరపిస్టు ఎక్కడున్నారో పెద్దాసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో అడగండి.

ఇంట్లోవాళ్ళకూ ఒక పని ఉంది. మీరు బడి నుంచి వచ్చాక గంటసేపు ఎవరూ పలకరించకూడదు. వంటింట్లోంచి మీరు ఎవర్నీ కేకెయ్యకూడదు. ఆ గంటలో కాఫీ కూడా ఎవరైనా కలిపి ఇస్తే మరీ మంచిది.